పదహారోది

మలక్‌పేట గంజ్‌లో
మొలకలొచ్చిన ఉల్లిగడ్డలు కావాలంటే
తూకమేసే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.
"మంచియి ఇడిసిపెట్టి గియ్యి ఏరుకుంటవేంది బిడ్డా?"
సెల్ బయాలజీ చదువుతున్నా, ప్రాక్టికల్స్‌కి, అన్నాను.
"ఓ, ఫోన్లు రిపేరు జేస్తవా" అని
రెండు గడ్డలు కొసరు వేసింది.
కాదని చెప్పలేదు.
నా ఫోను అద్దమూ పగిలే ఉంది మరి.

హాస్టల్ కిటికీలో నాలుగు టీ గ్లాసులు,
నీళ్ళంచు మీద నాలుగు గడ్డలు.
మూడో రోజుకి వేర్లు దిగాయి
ముసలమ్మ దువ్వెనలో మిగిలిన వెంట్రుకల్లా.
"పరీక్షయ్యాక ఒకటి నాకు" అంది ఫర్హానా,
దుప్పట్లోంచి మొహం బయటపెట్టకుండానే.

కొనలు తెల్లవారుతూనే కోయాలి.
కణాలు ఎక్కువగా విడిపోయేది ఆ పూటే.
ఎందుకో నా నోట్సులో లేదు.
జామియా ఉస్మానియా స్టేషన్లో మొదటి రైలు కూయగానే
బ్లేడు, చిన్న సీసా,
ముక్కు పగిలే ఆల్కహాలూ ఆమ్లమూ.
అందులో పడ్డ చోటే ప్రతి కణమూ ఆగిపోతుంది,
విడిపోతున్నది విడిపోతూనే,
ఇంకా ఏమీ తేల్చుకోనిది అలాగే.
చంపడం అనరు. ఫిక్స్ చేయడం అంటారు.
పెళ్లిచూపులు ముగిశాక మా పిన్ని
ఫోన్లో అందరికీ చెప్పేదీ ఆ మాటే.

ల్యాబ్‌లో లింబాద్రన్న అటెండరు.
పదో తరగతి తప్పానని తనే చెప్పుకుంటాడు.
"బొటనవేలితోని ఒత్తు. పక్కకు జరగొద్దు.
అప్పడం లెక్క కాదు, వేలిముద్ర లెక్క."
మూడు స్లైడ్లు పగిలాయి.
నాలుగోది దీపం సెగకి చూపించి
కటకం కింద పెడితే
కుంకుమ నీళ్లలో తడిసిన దారప్పోగులు,
ఒకటి మీద ఒకటి, నడిమధ్యకి చేరుకుంటూ.

మధ్యస్థ దశ.
ఇంటర్లో ఎక్కాల్లా అప్పజెప్పిన మాట
ముందు అదే వస్తుంది, తోసుకుంటూ.
దాన్ని పక్కకు జరిపి
"మెటాఫేజ్ మేడమ్" అంటాను.
ఆ అర సెకను ఆలస్యాన్ని
శశిరేఖ మేడమ్ తెలియకపోవడం అనుకుంటుంది.

లెక్కపెట్టాను. పదిహేను.
కళ్ళు మార్చి మళ్ళీ. పదిహేను.
పక్క బల్ల మీద చూడకుండానే పదహారు రాసేశారు.
నా రికార్డులో పదిహేను,
నీడలు దిద్దకుండా, నియమం ప్రకారం
ఒట్టి చుక్కలతోనే గీసిన పదిహేను వంకరలు.
"ఉల్లికి పదహారు. ఇది అభిప్రాయం కాదమ్మా"
అని ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం,
కొక్కెంలా, నా బొమ్మకి తగిలించింది.

అందరూ వెళ్ళాక కిటికీలు మూస్తూ లింబాద్రన్న:
"ఒకటి కింద పండుకొని ఉంటది.
చిన్న మర తిప్పు. నిమ్మళంగ.
ఒక్క మట్టం చూసి లెక్క రాస్తే ఎట్ల?"

తిప్పాను.
పైనున్నవి మసకబారాయి.
మూడోదాని మోకాలి కింద
ఏదో కదిలినట్టు, ముడుచుకుని, సన్నగా.
అదేనా?
రంగు మడతపడిందా?
ఊపిరి బిగబట్టి ఇంకో వెంట్రుకవాసి తిప్పేలోగా
కరెంటు పోయింది.
అడిక్‌మెట్ వైపు బస్సుల హారన్లు,
తలుపు దగ్గర తాళంచెవుల చప్పుడు.

పదిహేను కొట్టేయలేదు.
మూడోదాని కింద ఒక చుక్కల గీత గీసి
పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలాను.
మార్కులు ఎన్ని పోతాయో పోనీ.

రాత్రి, వార్డెన్‌కి తెలియని స్టవ్ మీద
ఫర్హానా తన వాటా గడ్డని ఆమ్లెట్‌లోకి తరిగింది.
ఇద్దరికీ కళ్ళు మండాయి.
నా వేళ్ళకింకా ఆమ్లం వాసన,
చెంచాతో తిన్నాను.
ఒక్కో ముక్కలో ఎన్ని వేల పదహార్లో,
ఎవరూ అడగని లెక్క,
ఉప్పు కొంచెం తగ్గింది, అంతే.